కన్యకమ్మ చెట్లు

ఆ ఏడు కూడా గుడ్డు పోయింది.

ఓబులయ్య శెట్టి పొద్దున్నే లేచి బైనాక్యులర్ కళ్ళకు పెట్టుకుంటే, బట్టమేక పిట్ట ఉండాల్సిన చోట లేదు. గడ్డిలో పడి దగ్గరికి వెళ్ళి చూశాడు. రెండు పెంకు ముక్కలు, వాటి చుట్టూ చీమలు. వరసగా ఇది నాలుగో ఏడు.

ఈ పిట్ట సంగతి కాస్త చెప్పుకోవాలి. మేకపిల్లంత ఎత్తు ఉంటుంది. తెల్లటి పొడుగు మెడ, నెత్తిన నల్లటోపీ. ఎగరగలదు గాని నడకే ఇష్టం. గడ్డిలో తలెత్తుకుని, పెద్దింటి ముత్తైదువ పేరంటానికి పోతున్నట్టు, తొందర లేకుండా నడుస్తుంది. గూడు కట్టదు. ఉత్త నేల మీద ఏడాదికి ఒక్క గుడ్డు పెడుతుంది. ఒకప్పుడు కర్నూలు వైపు బీళ్ళలో మందలుగా తిరిగేవట. ఇప్పుడు ఓబులయ్య బీడులో మిగిలింది ఒక్క ఆడపిట్ట. వానలు పడగానే ఎక్కడి నుంచో ఒక మగపిట్ట వచ్చి, నాలుగు రోజులుండి, చెప్పాపెట్టకుండా పోతుంది. ఆ తర్వాత భారమంతా ఈ తల్లిదే.

ఓబులయ్యకు ఒకప్పుడు నంద్యాలలో పత్తి మిల్లు ఉండేది. పదమూడేళ్ళ కింద, భార్య కన్యకమ్మతో అహోబిలం పోతుంటే దారిలో కారు టైరు పోయింది. డ్రైవరు టైరు మారుస్తున్నంత సేపూ కన్యకమ్మ రోడ్డు పక్క నిలబడి దూరంగా గడ్డిలో ఉన్న ఆ పిట్టనే చూసింది. కారెక్కాక, "మనకా పిల్లల్లేరు. దానికొక చోటు చూపించి పోదామండీ" అంది.

శెట్టి ఆమె మాట ఎన్నడూ కాదన్న మనిషి కాదు. మిల్లు అమ్మేశాడు. నంద్యాలకు పడమట, ఈ పిట్టలు ఇంకా తిరిగే చోట మూడు వందల ఎకరాల రాతి బీడు కొన్నాడు. శెట్టికి మతి పోయిందన్నారు ఊళ్ళోవాళ్ళు. మతి పోగొట్టుకునే రకం కాదు కాబట్టి ఇందులో ఏదో లాభం ఉండే ఉంటుందని కూడా వాళ్ళే అన్నారు.

రాళ్ళ క్వారీ వాళ్ళు బీడు మీద కన్నేస్తే ఓబులయ్య కోర్టుల చుట్టూ తిరిగాడు. ఆలుమగలిద్దరూ బీడు నడుమ రేకుల ఇల్లు వేసుకుని, చెట్లు నాటడం మొదలుపెట్టారు. అడవి అంటే చెట్లే అనుకున్నారు పాపం. మిల్లు మనుషులకు అంతకంటే ఏం తెలుస్తుంది? కన్యకమ్మ తన చేత్తో నూట ఇరవై మొక్కలు నాటింది. వేప, కానుగ. మొదటి వేపను ఇంటి ముందే పెట్టింది. బోరు దగ్గర బిందె నింపుకుని, ఎండలో ఒక్కో మొక్క దగ్గరికీ నడిచేది.

ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అంటారు. అలాంటి నేలలో నూట ఇరవై చెట్లు లేస్తే చూడాలా? పేపర్ల వాళ్ళు వచ్చారు, బడిపిల్లలు బస్సుల్లో వచ్చారు, సభల్లో శాలువాలు కప్పారు. ఓబులయ్య పేరు చెట్ల శెట్టి అయింది. చెట్లు ఇంటి కప్పును దాటి ఎదిగిన ఏడాది కన్యకమ్మ విషజ్వరంతో పోయింది. అప్పటి నుంచి శెట్టికి ఆ చెట్లే ఇల్లాలు. పొద్దున లేవగానే ఒక్కో మాను మీదా చెయ్యి వేసి, నూట ఇరవై పూర్తయ్యాకే కాఫీ తాగేవాడు.

రెండేళ్ళ కింద హైదరాబాదు నుంచి ఒక పక్షుల పండితుడు వచ్చాడు. రెండు రోజులు బీడంతా తిరిగి, "అయ్యా, ఈ పిట్టకు కావలసింది ఉత్త గడ్డి. చెట్టు ఉంటే దాని మీద కాకీ గద్దా గుడ్డు కోసం మాటు వేస్తాయి. ఈ చెట్లు తీసేయండి" అన్నాడు. ఉన్నమాటంటే ఉలుకు కదా. ఓబులయ్య ఆయనకు నెయ్యి వేసి భోజనం పెట్టాడు, రోడ్డు దాకా వెళ్ళి బస్సెక్కించాడు, మళ్ళీ రావద్దని చెప్పి వచ్చాడు.

ఈసారి గుడ్డు పోయిన ఇరవై రోజులకు ఒక వింత జరిగింది. పిట్ట రెండో గుడ్డు పెట్టింది. ఎన్నడూ ఇలా చూడలేదు. ఓబులయ్యకు సంతోషం కంటే భయమే ఎక్కువైంది. ముసలి పిట్ట. ఇదే ఆఖరిదేమో. చెప్పులు వేసుకుని సుంకులవ్వ దగ్గరికి బయలుదేరాడు.

సుంకులవ్వ అరవై ఏళ్ళు వచ్చేదాకా గొర్రెలు కాసింది. ఒకనాడు మందను కొడుకులకు అప్పజెప్పి ఊరవతల రాతిగుట్ట మీద కూర్చుంది. అవధూత అనేవాళ్ళు కొందరు, తిక్కది అనేవాళ్ళు కొందరు. మంత్రం ఇవ్వదు, విభూతి పెట్టదు. కన్యకమ్మ ఉన్నప్పుడు భర్తను వెంటబెట్టుకుని వచ్చి ఆమె కాళ్ళకు మొక్కించింది. ఆ రోజు నుంచి ఓబులయ్యకు ఆమే గురువు.

"అవ్వా, నా సేవలో ఏం లోపముండాదో చెప్పు" అన్నాడు ఓబులయ్య. "నీళ్ళు మోసినా, కోర్టులకు తిరిగినా, ఆస్తంతా పెట్టినా. ఒక్క గుడ్డును కాపాడుకోలేకుండా ఉండా."

అవ్వ జొన్నరొట్టె నములుతూ విన్నది. "నీకు తెలీదా సెట్టీ?"

ఓబులయ్య తల దించుకున్నాడు. "ఒకాయప్ప ఏందో చెప్పినాడులే. అది కాదవ్వా. నువ్వు చెప్పు."

"అంటే వేరే మాట చెప్పమంటావు."

అవ్వ రొట్టె పూర్తిచేసి, చేతులు దులుపుకుంది.

"రేపొస్తా పో" అంది.

మర్నాడు పొద్దెక్కాక వచ్చింది. ఓబులయ్య ఇంటి ముందు వేప కింద కొత్తచాప పరిచి, మజ్జిగ తెచ్చి పెట్టాడు. అవ్వ చాప దగ్గరకు రానేలేదు. ఎండలోనే నిలబడి మజ్జిగ తాగి, చెంబు ఆయన చేతికిచ్చి, చెట్లు దాటి నడుచుకుంటూ పోయింది. గడ్డి నడుమ ఒక చోట నేల మీద చతికిలబడి, కొంగు నెత్తిన వేసుకుంది.

గురువు ఎండలో కూర్చుంటే శిష్యుడు నీడలో ఎలా ఉంటాడు? ఓబులయ్య కూడా వెళ్ళి కూర్చున్నాడు. భాద్రపదం ఎండ. కింద రాళ్ళు కాలుతున్నాయి. ఇన్నేళ్ళలో మిట్టమధ్యాహ్నం ఈ చోట కూర్చోవడం ఆయనకు ఇదే మొదటిసారి.

"అవ్వా, చెట్టు కిందికి పోదామా? ఆడ్నుంచి కూడా కనపడుతుంది."

"ఆడ్నుంచి ఇన్నేండ్లు చూసినావు గదా. ఈడ్నుంచి చూడు."

ఓబులయ్య బైనాక్యులర్ ఎత్తాడు. రెండు వందల అడుగుల అవతల పిట్ట కనపడింది. పొదగడం లేదు. నిలబడి ఉంది. వీపు సూర్యుడికి పెట్టి, రెక్కలు సగం విప్పి, నోరు తెరిచి రొప్పుతోంది.

"ఏమైందవ్వా దానికి? ఎందుకట్ల నిలబడింది?"

"నీడ పట్టింది" అంది అవ్వ.

ఓబులయ్య మళ్ళీ చూశాడు. పిట్ట కాళ్ళ మధ్య, దాని రెక్కల నీడలో, గుడ్డు. చుట్టూ భూమంతా మండుతోంది. ఆ గుడ్డు ఉన్న జానెడు చోటు మాత్రం చల్లగా ఉంది. ఊరందరికీ నీడ ఇచ్చాననుకున్న మనిషి ఆయన. వెనక్కి తిరిగి తన చెట్ల వైపు చూడడానికి ఎందుకో సిగ్గేసింది.

అంతలో వేప కొమ్మ మీద నుంచి రెండు కాకులు లేచాయి.

ఒకటి పిట్ట ముందు వాలింది. అటు గెంతింది, ఇటు గెంతింది. తల్లి మెడ సాచి దాని మీదికి రెండడుగులు వేసింది. రెండే అడుగులు. వెనక వాలిన కాకికి అవి చాలు. ఓబులయ్య లేచి, కేకలు పెడుతూ, రాళ్ళ మీద పడుతూ లేస్తూ పరిగెత్తేసరికి అంతా అయిపోయింది. కాకి గుడ్డుతో పోయి కన్యకమ్మ నాటిన మొదటి వేప మీద వాలింది. కాసేపటికి పెంకు వచ్చి, అవ్వ కోసం పరిచిన చాప మీద పడింది.

ఓబులయ్య తిరిగి వచ్చి అవ్వ పక్కన కూలబడ్డాడు. అరవై నాలుగేళ్ళ మనిషి, భార్య పోయిన నాడు నలుగురిలో కన్నీరు పెట్టనివాడు, భుజం మీది తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. అవ్వ ఊరుకోమనలేదు. ఆయన ఏడుపు ఒక కొలిక్కి వచ్చేదాకా ఆగి, గడ్డం పట్టుకుని ముఖాన్ని బీడు వైపు తిప్పింది.

తల్లిపిట్ట తిరిగి వచ్చింది. అదే చోట నిలబడింది. వీపు సూర్యుడికి పెట్టి, రెక్కలు సగం విప్పి, నోరు తెరిచి. కాళ్ళ మధ్య ఏమీ లేదు. ఉత్త రాళ్ళు.

పొద్దు కొంచెం జరిగింది. పిట్ట కూడా పొద్దుతోపాటు కొంచెం తిరిగింది, రాళ్ళ మీద ఎండ పడకుండా.

ఓబులయ్య చూస్తూనే ఉన్నాడు. ఆయన పెదవులు ఎండిపోయాయి. ఒకసారి తిరిగి రేకుల ఇంటి వైపు, దాని ముందున్న వేప వైపు చాలాసేపు చూశాడు. అవ్వ కొంగు కింద కళ్ళు మూసుకుని కూర్చుంది. నిద్రపోయిందో, లేదో ఎవరికి తెలుసు?

పొద్దు వాలి ఎండ పసుపురంగుకు తిరిగాక, పిట్ట రెక్కలు ముడుచుకుంది. మెడ వంచి కింద ఒకసారి చూసుకుంది. తర్వాత మెల్లగా గడ్డిలోకి నడిచి వెళ్ళిపోయింది.

"అవ్వా" అన్నాడు ఓబులయ్య. "చెట్లకు పసుపు కుంకుమ పెట్టి కొట్టాల్నా?"

"పెట్టు నాయనా. మేలు చేసినోళ్ళను అట్లనే సాగనంపాల."

చెట్లు కొట్టడానికి అనుమతి కాగితం చేతికొచ్చేసరికి కార్తీకం వచ్చింది. ఓబులయ్య ఒక్కో మానుకూ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకుని కొట్టించాడు. ఊరు ఊరంతా దుమ్మెత్తిపోసింది. శాలువాలు కప్పిన వాళ్ళే, పెండ్లాం నాటిన చెట్లని కూడా చూడలేదే, వీడూ ఒక మనిషేనా అన్నారు. బడిపిల్లల బస్సు ఒకటి వచ్చి, పడి ఉన్న మానులను చూసి, తలుపు తెరవకుండానే వెనక్కి తిరిగింది. ఆ రోజు ఓబులయ్య అన్నం తినలేదు.

ఇంటి ముందు వేపను మాత్రం కూలీలను ముట్టనివ్వలేదు. గొడ్డలి తానే పట్టాడు. చేతకాని చేతులు, మూడు రోజులు పట్టింది. అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. చెట్టు కూలినప్పుడు దాని కొమ్మలను కొంచెంసేపు పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత వాటిని కూడా బండికెత్తించాడు.

నాలుగో రోజు పొద్దున సుంకులవ్వ వచ్చింది. ఓబులయ్య ఆ వేప మొద్దు మీద కూర్చుని ఉన్నాడు. ఎటు చూసినా ఆకాశం నేలకు ఆని ఉంది. గాలికి గడ్డి వంగుతూ లేస్తూ ఉంది. ఆ బీడు అంత పెద్దదని ఆయనకు ఇన్నేళ్ళూ తెలియదు. ఎంతోకాలానికి ఆయన ముఖం తేటగా ఉంది.

"చూడవ్వా, ఈ మొద్దు మీద కూర్చుంటే బీడంతా కనపడుతుంది" అన్నాడు. "వచ్చే వానలకు అది మళ్ళా వచ్చి గుడ్డు పెడతాదేమో. ఇంకేం కోరికల్లేవు నాకు. బతికినన్నాళ్ళూ ఈడ్నే కూర్చుని దాన్ని చూసుకుంటా ఉంటా."

అవ్వ ఆయన వైపు జాలిగా చూసింది.

"చుట్టానికి ఈ బీడును పీటేసి, ఆ పీట మీద నువ్వే కూసుంటే ఎట్ల సెట్టీ? చుట్టం యాడ కూసుంటాది?"

ఓబులయ్య లేచి నిలబడ్డాడు.