ముంగురులమ్మ తల్లి ఘటానికి చుట్టకుదురు ఎందుకు లేదు

ముంగురులమ్మ తల్లి దర్శనానికి వచ్చే భక్తులు ముందుగా గెడ్డ దాటవలెను. కొండల మీంచి దిగివచ్చే వాగును మా వైపు గెడ్డ అంటారు. ఎండాకాలం చీలమండ లోతు, వానాకాలం మోకాలు లోతు. దాటగానే ఎనభై మెట్లు. తొమ్మిదో మెట్టు దగ్గర ఆడవాళ్ళందరూ ఆగి జడలు విప్పుకుంటారు. ఆ పక్కన కట్టిన తాడుకు వేలాడే క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లు, రిబ్బన్లు చూస్తే ఎవరో ఫ్యాన్సీ షాపు తెరిచారేమో అనిపిస్తుంది. దిగేటప్పుడు ఎవరివి వారు తీసుకోవచ్చును. సగం మంది మరిచిపోతారు, అది వేరే సంగతి.

పైన గుడి చిన్నదే. అమ్మవారిది నల్లరాతి విగ్రహం, మెడ వరకే. కిరీటం లేదు, జడబిల్ల లేదు. అసలు వాటి అవసరమేముందండీ! ఆ తలనిండా ఉంగరాలే. నుదుటి మీద చిన్నవి, చెవుల పక్క పెద్దవి, ఒకదానిలా ఇంకొకటి లేదు. లెక్కపెడదామని నేను మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ ఓడిపోయాను. ఇంతటి అందమైన తలను మన పెద్దలే కొన్ని తరాల పాటు కప్పి ఉంచారంటే నమ్ముతారా? ఆ వృత్తాంతమే ఈ పుస్తకం.

పూర్వం ఇక్కడ గెడ్డ ఇప్పటికన్నా రెండింతల వెడల్పున పారే రోజుల్లో, ఎర్రప్ప అనే గొర్రెల కాపరి ఉండేవాడు. ఒక సాయంత్రం మందలో నల్ల గొర్రెపిల్ల ఒకటి తప్పిపోయింది. వెతుకుతూ వస్తే గెడ్డ ఇసుకలో నల్లగా, ఉంగరాలు ఉంగరాలుగా వీపు కనబడింది. పిల్ల కూరుకుపోయిందని పరుగున పోయి రెండు చేతులా ఇసుక తోడాడు. తోడితే నుదురు వచ్చింది, కళ్ళు వచ్చాయి, ముక్కుపుడక వచ్చింది! ఎర్రప్ప కూలబడి దండం పెట్టాడు. వెనక నుంచి గొర్రెపిల్ల అరిచింది. అది తనంతట తానే మందలో చేరిపోయింది. అమ్మవారిని గొర్రెపిల్లనెత్తినట్టే భుజాన ఎత్తుకుని కొండ మీదికి తెచ్చాడు. ముంగురులమ్మ అని పేరు పెట్టింది ఆయనే.

ఎర్రప్ప పోయాడు, ఆయన కొడుకులూ పోయారు. తరువాత వచ్చిన వారికి ఒక సందేహం కలిగింది. మన ఇళ్ళలో ఆడవాళ్ళు చక్కగా దువ్వుకుని ఉంటే తల్లికి ఈ చిక్కుతల ఏమిటి అని. భక్తితోనే అనుకున్నారు, అందులో తప్పు పట్టడానికి లేదు. తేనెమైనం, గుగ్గిలం, దీపం మసి కలిపి అమ్మ తలకు నున్నగా మెత్తి, నడినెత్తిన సిగ చుట్టారు. ఆ కాలంలో అదే సింగారం. తరువాతి వారి కాలానికి సిగ పాతబడింది, దాని మీదే పక్కకొప్పు పెట్టారు. ఆ పై తరం వారు వాలుజడ దించారు. మళ్ళీ కొప్పు రోజులు వచ్చాయి, ఈసారి పెద్ద గుండ్రటి కొప్పు. పాతది తీయడం అపచారమని ఎవరూ తీయలేదు. తల పెరిగి పెరిగి, ఊరేగింపుకు బయటికి తెచ్చేటప్పుడల్లా ద్వారబంధానికి తగిలేది. లోపల ఏముందో తెలిసినవారు ఒక్కరూ మిగల్లేదు.

ఇక ఘటం సంగతి. జాతర నాడు ఒక కన్నెపిల్ల గెడ్డలో కుండ ముంచి, తలకెత్తుకుని, చెయ్యి ఆనించకుండా ఎనభై మెట్లూ ఎక్కి అమ్మవారికి స్నానం చేయించాలి. ఎర్రప్ప నాటి నుంచి దానికి ఒక్కటే కట్టుబాటు: అమ్మ తల ఎలా ఉంటే ఘటమెత్తే పిల్ల తల అలా ఉండాలి. ఆ హక్కు ఎర్రప్ప వంశపు ఆడపిల్లలది. పిల్ల చుక్కనీరు తొణికించినా హక్కు ఇంకొక ఇంటికి పోతుంది.

ఆ వంశంలో దాలమ్మ అనే పిల్ల పుట్టింది. పదహారేళ్ళ పిల్ల. తల మాత్రం ఉంగరాల పుట్ట. దువ్వెన దిగితే విరగాల్సిందే. ఊళ్ళో పిల్లలు "పిచ్చికగూడు వస్తోందిరోయ్" అని కేకలేసేవారు. ఆ ఏడు ఘటం దాలమ్మ వంతు. పిల్ల నెల రోజులు ఆముదం పట్టించింది, అవిసెగింజల జిగురు రాసింది, గుడ్డతో బిగించి పడుకుంది. కొప్పు ముడి నిలిచినట్టే ఉండి టప్పున విడిపోయేది. జాతరకు రెండు రోజుల ముందు మెట్ల మీద ఒట్టి కుండతో నడక నేర్చుకుంటుంటే, ఆముదం జిడ్డుకు, కుండ కింద తల మీద పెట్టుకునే చుట్టకుదురుతో సహా కుండ జారి ముక్కలైంది.

ఊరి పెద్ద తవిటినాయుడు పిలిపించాడు. "కొప్పు నిలవని తల మీద ఘటమేటి నిలుస్తాది? గుండు గీయించుకుని సవరం కొప్పు కట్టుకో. లేదంటే ఎగువీధి వాళ్ళకి ఇచ్చేస్తాం. రేపు పొద్దు తిరిగేలోగా తేల్చు" అన్నాడు.

దాలమ్మ తల్లి చిన్నతనంలో అదే ఘటం ఎత్తిన మనిషి. అరుగు మీద కూర్చుని కూతురి తల నిమిరి, "నీ ఇష్టమే అమ్మా" అంది. ఇంటి హక్కు తన తరంతో పోతుందేమోనని ఆ పిల్ల మర్నాడు ఉదయమే గురువులు అనే మంగలి దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

"గుండు గియ్యి మావా."

"ఎవరికే మొక్కు?"

"మొక్కు కాదు. మాటాడకుండా గియ్యి."

గురువులు తల తడిపాడు. నీళ్ళు పడగానే ఉంగరాలన్నీ ఒక్కసారి పైకి లేచాయి. కత్తి పట్టుకున్నవాడు అలా చూస్తూ ఉండిపోయాడు. "ముప్పై ఏళ్ళుగా ఊరి తలలన్నీ నా సేతిలోనే తిరిగాయి. ఇలాటి తల సూళ్ళేదే అమ్మీ. నా సెయ్యి రావట్లేదు. అన్నం తిని రా, సూద్దాం" అని పంపేశాడు.

భోజనం చేసి గురువులు కాసేపు నడుం వాల్చాడు. ఆ కునుకులోనే కల వచ్చింది. ఒక పెద్దామె తల గోక్కుంటూ వచ్చి ఎదుట కూర్చుంది. "తల బరువుగా ఉన్నాది గురువులూ. ఎవరెవరివో తలలు నా తల మీద పెట్టారు. తలపని నీది, నువ్వే తియ్యాలి" అంది.

లేచినవాడు లేచినట్టే మరుగునీళ్ళ కాగు, మంగలికత్తి పట్టుకుని కొండెక్కాడు. విన్నవారు విన్నట్టు వెంటబడ్డారు, దాలమ్మ కూడాను. తవిటినాయుడు గుడి వాకిట అడ్డం నిలబడ్డాడు.

"ఏటిరా, అమ్మవారికే గుండు గీస్తావా?"

"గుండు కాదు బాబూ. తలంటు."

నాయుడి తల్లి పారమ్మ కర్ర ఊతంతో వచ్చింది. ఊళ్ళో అందరికన్నా పెద్దది. "ఒరే తవిటీ, ఏటేటా గుమ్మానికి కొడుతున్నారు ఆ తల్లి తల. నీ తలైతే తెలిసును నొప్పి. తప్పుకో" అంది. నాయుడు తప్పుకున్నాడు. తల్లి మాట కదా మరి.

గురువులు వేడినీళ్ళు పోశాడు. గుండ్రటి కొప్పు మెత్తబడి ఊడివచ్చింది. దాని కింద వాలుజడ, అందులో ఇరుక్కుని ఒక జడగంట. దాని కింద పక్కకొప్పు, ఎండి కాగితమైన మొగలిరేకు. ఆ కిందన నడినెత్తి సిగ. ఏ ఒక్కటీ వంక పెట్టవలసినది కాదు. ఎంత ఓపిగ్గా చేశారో ఆ పాతవాళ్ళు! పారమ్మ ఒక్కొక్కదానికీ దండం పెట్టి పక్కన పెట్టించింది. ఆఖరి పొర మీద గురువులు నీళ్ళు సన్నధారగా పోశాడు. అది కరిగింది. ఉంగరాలు బయటపడ్డాయి.

పారమ్మ అమ్మవారిని చూసింది, వెనక్కి తిరిగి జనంలో నిలబడ్డ దాలమ్మను చూసింది.

"ఓలమ్మా! ఇది మన పిచ్చికగూడే కాదేటి!"

తవిటినాయుడికి కట్టుబాటు ఎవరూ గుర్తుచేయనక్కర లేకపోయింది. అమ్మ తల ఎలా ఉంటే పిల్ల తల అలా. అలాంటి తల ఊరంతటికీ ఒక్కటే ఉంది.

జాతర నాడు దాలమ్మ కుంకుడుకాయతో తలంటుకుని, జుట్టు విరబోసుకుని గెడ్డలోకి దిగింది. చుట్టకుదురు పెట్టబోతే ఉంగరాలు దాన్ని పైకి తోసేస్తున్నాయి. నాయుడు కంగారుపడ్డాడు. "అది తీసెయ్యండిరా. గూటిలో గుడ్డు కదుల్తాదేటి?" అంది పారమ్మ. నిండుకుండ నేరుగా జుట్టులో కుదురుకుంది. పిల్ల ఎనభై మెట్లూ చేతులు వేలాడేసుకుని ఎక్కింది. దిగువన అరుగు మీద నుంచి తల్లి చూస్తోంది. చుక్క తొణకలేదు.

పైన కుండ దించగానే పారమ్మ మొదటి దోసెడు నీళ్ళు తీసుకుంది. అమ్మవారి మీద పోస్తుందనుకున్నారు అందరూ. దాలమ్మ తల మీద పోసింది. "నెల రోజులు ఆముదం పూసి ఏడిపించాం. ముందు ఈ తల సల్లబడనీ" అంది.

నాటి నుంచి నేటి వరకు ముంగురులమ్మ ఘటానికి చుట్టకుదురు లేదు. ఏటా జాతర ముందు రోజు గురువులు వంశస్థులు అమ్మవారికి తలంటుతారు. పైన ఏ పూతా లేదు. ఆ జడగంట, మొగలిరేకు గుడిలో అద్దాల పెట్టెలో భద్రంగా ఉన్నాయి. కాలం మాత్రం ఆగుతుందా? బాబ్ కట్లు వచ్చాయి, స్టెప్ కటింగులు వచ్చాయి, ఇప్పుడు ఇస్త్రీ చేసినట్టు సాపు చేయించుకుంటున్నారు. అమ్మ ఎవరినీ కోప్పడదు. తన తల మీదా నాలుగు ఫ్యాషన్లు మోసిన తల్లి ఆవిడ.

మొన్న దాలమ్మ మునిమనవరాలు హైమ వంతు వచ్చింది. పట్నంలో జుట్టు సాపు చేయించుకున్న పిల్ల. వంతు తెలిసిన రోజు నుంచి ఏడాదిన్నర పెంచి, సాపుగా ఉన్న కొసలన్నీ కత్తిరించుకుని, చెవుల దాకా పొట్టి ఉంగరాలతో వచ్చింది. ఇంత పొట్టి జుట్టులో కుండ ఆగుతుందా అని మాకందరికీ గుండె దడే. ఆగింది.

దర్శనమైన వారు ఎడమవైపు స్తంభానికి ఉన్న అద్దంలో తమ తల తాము చూసుకుని రావలెను. ఇక్కడ ప్రసాదం అదే. నెరిసిన వారు, రాలిన వారు, నాలాగా బట్టతల వారు కూడా చూసుకోవలెను. ఉన్నది ఉన్నట్టు చూసుకున్న వారికి మనశ్శాంతి కలుగుతుందని పెద్దలు చెప్పారు, నాకు కలిగింది.

జాతరకు రాగలిగినవారు పైమెట్టు దగ్గర నిలబడండి. కుండ దించగానే మొదటి దోసెడు ఎవరి మీద పడుతుందో చూడండి. ఇప్పటికీ అమ్మవారి వంతు రెండోదే.