నక్క మోసిన గడ్డిగింజ

ఆ కొండ మీద రాళ్ళూ, రేగికంపా తప్ప ఏమీ ఉండేవి కావు. వాలులో ఒక్క ఎకరం మాత్రం నడుమెత్తు గడ్డి. ఎందుకంటే దాని చుట్టూ కంచె ఉంది. టౌను నుంచి జీపులో వచ్చే ఒక డాక్టరమ్మ వేయించింది. మేకా గొర్రే నోరు పెట్టకపోతే వానల్లేని ఈ సీమలో ఏ గడ్డి తిరిగొస్తుంది, అందులో పశువుకు ఎంత బలముంది అని ఆవిడ పరిశోధన. అప్పుడప్పుడూ వచ్చి కాస్త గడ్డి కోసి, తూచి, సంచిలో కట్టుకుని పోయేది. జంతువులన్నీ ఆవిడకు గడ్డి డాక్టరమ్మ అని పేరు పెట్టాయి.

మైలెద్దు ఆ కంచెను వదిలి కదిలేవాడు కాదు. నాగలి మానేసి, గొర్రెల మంద వెంట కొండకొచ్చే ముసలాయన. దూడగా ఉన్నప్పుడు ఈ కొండంతా ఇప్పుడు కంచెలో ఉన్న ఈ అంజన గడ్డే. వాళ్ళమ్మ ముందు నడుస్తుంటే గడ్డిలో ఆమె కాళ్ళు కనబడేవి కావు. ఇప్పుడా వాసన గాలికి వస్తే చాలు, పాపం, ముసలాయనకు కళ్ళు చెమర్చేవి. కొండ మళ్ళీ అట్లా లేస్తే చూసి పోవాలి, అదొక్కటే కోరిక. తినకపోయినా పర్లేదు అనేవాడు గానీ, అది ఒట్టి మాట. తినాలనే ఉండేది.

కార్తీకం దాటాక గింజ పండింది. డాక్టరమ్మ వచ్చి చూసి, జీపు డ్రైవరుతో అంది: "ఏం లాభం? ఇక్కడే రాలి ఇక్కడే మొలుస్తుంది. ఈ గింజకు నూగుంది, ఏదో ఒక జంతువు బొచ్చుకు అంటుకుంటే గానీ కొండెక్కదు. పోనీ మందను వదుల్దామంటే గింజతో సహా మేసేస్తాయి."

మైలెద్దు ఆ మాట విన్నాడు. నేనే పోయి మోసుకొద్దునా అనుకున్నాడు. లోపలికి పోయాక తన నోరు తన మాట వినదని ఆయనకు బాగా తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం కాపరి చెట్టు కింద కునుకు తీస్తుంటే నక్క వచ్చింది.

"ఏం తాతా, ఎంతకాలం ఇట్లా వాసన చూస్తావు? కొమ్ముతో ఆ గేటు ఒక్క తోపు తోస్తే నీ కడుపు నిండదా?"

"నిండుతుంది. వెనకాలే గొర్రెలూ వస్తాయి."

"రానీ. పాపం, పిల్లతల్లులు."

"పిల్లతల్లుల మీద నీకింత దయ ఎప్పట్నుంచి రా?"

నక్క నవ్వేసింది. అంత గడ్డిలో గొర్రెపిల్లను పట్టుకుపోతే మంద కుక్క కంట పడదని దాని లెక్క. మైలెద్దుకు అదీ తెలుసు. అయినా గేటు వైపే చూస్తున్నాడు. నోట్లో నీళ్ళూరాయి. కొమ్ము ఆనించాడు కూడా. అంతలో నక్క తోక మీద కన్ను పడింది. కుచ్చులాంటి తోక, ఒళ్ళంతా బొచ్చు. పైగా గడ్డి ముట్టని జాతి. ముసలాయన మెల్లగా కొమ్ము వెనక్కి తీశాడు.

"గేటెందుకులే మనవడా. పొద్దున రెండు పిల్లలు కంచె కింద దూరి లోపలెక్కడో పడుకున్నాయి. వాగు పక్కన సందుంది చూడు. నేను చెప్పానని మాత్రం వాళ్ళమ్మతో అనొద్దు."

ఇంకేముంది, నక్క దూరిపోయింది. గడ్డి అటూ ఇటూ ఊగుతోంది.

"కింది మూల చూశావా?"

"చూశా, లేవు."

"పై మూల?"

"అక్కడా లేవు తాతా."

"చిన్నపిల్లలు కదా, దుబ్బుల్లో ముడుచుకుని ఉంటాయి. నేలకు ఆనుకుని పాకి వెతుకు."

ఎకరమంతా పాకి బయటికొచ్చేసరికి నక్క నక్కలా లేదు. చెవి నుంచి తోక దాకా గింజలే. మైలెద్దు మెడ ఎత్తి రంకె వేశాడు. మంద కుక్క నల్లోడు నీడలోంచి లేచి లగెత్తుకొచ్చాడు.

"అబద్ధం చెప్పావు తాతా" అంటూ నక్క పరుగందుకుంది.

"చెప్పాను రా. నా నోటిని నమ్మలేక నీ బొచ్చును నమ్ముకున్నాను."

నల్లోడు దాన్ని మూడు గుట్టలు తిప్పాడు. కాస్త సందు దొరికితే చాలు, నక్క ఆగి దురద కొద్దీ రాళ్ళ మధ్య పొర్లేది, మళ్ళీ పరుగెత్తేది.

తొలకరి పడ్డాక కొండ మీద సన్నటి పచ్చ గీతలు లేచాయి. మందకు పెద్దదైన చుక్కల గొర్రె చూసి, "ఎవరు తాతా ఇక్కడ సాళ్ళు వేసింది?" అంది.

"నక్క" అన్నాడు మైలెద్దు.

ఎగువ బండ మీద నిలబడ్డ నక్క ఆ మాట విని, తను పరుగెత్తిన దారి మొత్తం ఒకసారి చూసుకుని, అవతలికి దిగిపోయింది.

చుక్కల గొర్రె మొలకల మీదికి వంగింది. ముసలాయన కొమ్ము అడ్డం పెట్టాడు.

"ఈ ఏడు వద్దమ్మా. వేరు పట్టనీ, గింజ రాల్చనీ."

"వచ్చే ఏటికి నీ పళ్ళుంటాయా తాతా?"

"ఉండవు."

మైలెద్దు ముందుకాళ్ళు మడిచి, మొలకల్లో ముక్కు పెట్టి, నోరు గట్టిగా మూసుకుని చాలాసేపు వాసన పీల్చాడు. తర్వాత లేచి, ఎప్పట్లాగే రేగికంప వైపు మేతకు పోయాడు.

ఈ కథలోంచి ఇంటికి పట్టుకెళ్ళాల్సింది ఇదే: తన నోటికి అందని మేతకు కాపలా కాసేవాడే మందకు పెద్ద.