మోకాళ్ళ గౌరి నోమున వైజయంతి కాలు వంగిన కథ

అక్షతలు చేతబట్టి, పక్కవారితో ముచ్చట్లు మాని వినుడు.

ఒకనాడు కహోల ముని ఔర్వమహర్షికి మ్రొక్కి, ఆటలో కాలు విరిగి, ఈడువారి కేకలు వినుచు ఇంట కుములు పిల్లల దుఃఖము తీర్చు నోము కలదా యని అడిగెను. ఔర్వుడిట్లు చెప్పెను.

పూర్వము వేదవతీపురమున గానుగ వీరన్నకు వైజయంతి యను పదహారేండ్ల కూతురు కలదు. చెడుగుడులో ఆమె కూతకు వచ్చిన అవతలి జట్టు గడగడలాడెడిది. ఆ ఊరి పిల్లలు బరి దిగుటకు ముందు మోకాలూని, గీత మీది మన్ను నొసట పెట్టుకొని, మోకాళ్ళ గౌరికి మ్రొక్కెదరు. వైజయంతియు అట్లే మ్రొక్కి దిగెను. అయినను పట్టులో పడి మోకాలు విరిగెను. గౌరికి కోపము వచ్చెనని ఊరివారనిరి. తల్లి యగునది పిల్లల కాళ్ళు విరుచునా? వట్టి మాట.

కట్టు కట్టిరి. తొలుత జట్టంతయు జామకాయలతో వచ్చెను. పిమ్మట ఇద్దరు ముగ్గురు వచ్చిరి. ఆపై ఎవరును రారైరి. సాయంకాలము కూత వినబడగానే ఆమె గోడవైపు తిరిగి పండుకొనెను. తన చోట చిలకమ్మ యను చిన్నపిల్ల ఆడుచున్నదని విని అన్నము ముట్టదయ్యెను. కట్టు విప్పినను మోకాలు కొయ్యవలె బిగిసియుండెను. వైద్యుడు రోజూ కొంచెము వంచుమనెను. ఎవరి కొరకు వంచవలెనని ఆమె మానెను.

గౌరి జాలిపడి, ముదుసలి రూపమున నూనెకు వచ్చి ఈ నోము చెప్పెను. ప్రతి సాయంకాలము పసుపు గౌరిని నిలిపి, మోకాటికి నువ్వులనూనె రాసి, ఓర్చినంత వంచి, నానిన శనగలు నివేదింపవలెను. నోము ముగియు నాడు ఆటలో తన చోట నిలిచినదానిని పిలిచి, స్వయముగా పాదములకు పసుపు రాసి వాయనమీయవలెను.

వైజయంతి నోము పట్టగా కాలు కొంచెము కొంచెముగా వంగసాగెను. వాయనము నాడు మాత్రము చిలకమ్మను పిలువ మనసొప్పక శనగలు తల్లిచే పంపెను. శనగలకు మురియునా గౌరి! మోకాలు మరల బిగిసెను. ఇంట ఎవరును లేని వేళ ఆమె వెక్కి వెక్కి ఏడ్చెను.

మరల నోము పట్టి, ఈసారి చిలకమ్మకు కబురు పంపెను. అది వచ్చి వాకిటనే నిలిచెను.

"రావే లోపలికి."

"నామీద కోపం కదక్కా నీకు! నీ చోట ఆడుతున్నానని నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడరు. ఓడినప్పుడల్లా, వైజయంతి ఉంటేనా, అంటారు."

తనవలె ఇదియు ఒంటరిదేనని వైజయంతి ఎరిగెను. దానిని పీట మీద కూర్చుండబెట్టెను. తాను కాలు చాచి కూర్చుండినచో దాని పాదములు చేతికందవు. గోడ పట్టి, కన్నీరు కారుచుండగా మోకాలు వంచెను. వంగెను. పసుపు రాసి, "ఇస్తినమ్మా వాయనం" అనెను. "పుచ్చుకొంటినమ్మా వాయనం" అని చిలకమ్మ కొంగు పట్టెను. శనగలు ఇద్దరును పంచుకొని తినిరి. నాటినుండి చిలకమ్మ ఆటకు పోవుచు ఆ గుమ్మమున కాసేపు కూర్చుండి పోవుచుండెను.

ఏడాది తిరిగిన పిమ్మట వైజయంతి గీత వద్ద మోకాలూని మన్ను నొసట పెట్టుకొనెను. ఆనాడు కూతలో ఒక్కరినైనను తాకలేకపోయెను. అయినను ఆమె నవ్వుచునే తిరిగి వచ్చెను.

కాలు చేయి విరిగినవారు, ఆటకు పిలుపు రానివారు, ఒకరి చోట నిలిచి మాటపడువారు ఈ నోము నోచవలెను. నోచినవారికి కీళ్ళు వంగును, అన్నము సహించును, సాయంకాలము వాకిట ఒక పిలుపు వినబడును. నోచలేనివారు గుప్పెడు శనగలతో పోయి మంచము పట్టిన పిల్ల పక్కన కూర్చుండినను సమాన ఫలము కలుగును.

కథలో తప్పు దొర్లినను నోమునకు కొరత రాకుండుగాక. చేతిలోని అక్షతలు ముందు ఈ ఇంట మంచము మీదనున్న బిడ్డ తలపై చల్లి, పిమ్మట మీరు వేసికొనుడు.