కాయలు మార్చుకుందామా దొరా?

ఆటలో ఓటమి ఎప్పుడు ఒప్పుకోవాలని ఇప్పటి పిల్లలు ఫోన్లు పట్టుకుని వాదించుకుంటుంటే, పూర్వం ఒక కోట అరుగు మీద జరిగిన పులిజూదం గుర్తుకొస్తుంది.

ఆ కోట దొర జగ్గభూపతి ఎప్పుడూ పులులతోనే ఆడేవాడు. ఆట సగానికి రాగానే ఎదుటివాడు "ఓడిపోయాను దొరా" అని దండం పెట్టి లేవడం అక్కడి మర్యాద. అందుకే ఆయన ఏ ఆటా చివరిదాకా ఆడలేదు, ఏ ఆటా ఓడలేదు.

కొండవాలు మీద మేకల మేత ఆపించాడని మేకల కాపరి ఎర్రక్క ఆయన దగ్గరే మొర పెట్టుకుంది.

"నాతో ఆడి గెలువు, వాలు వదిలేస్తాను. ఓడితే మందతో సహా ఊరు విడిచిపో" అన్నాడు దొర.

ఎర్రక్క మేకలతో ఆడింది. మూడు పులులనూ కదలకుండా కట్టేస్తే మేకలదే గెలుపు. చూస్తుండగానే రెండు పులులు కట్టుబడ్డాయి. మూడోదానికి ఒక్కటే దారి మిగిలింది. ఆ దారి మూయడం ఇక ఎర్రక్క వంతు. దొరకు చెమట పట్టింది.

"సగం ఆట అయింది. మేకలు ఓడినట్టే. మర్యాదగా ఒప్పుకుని లే!"

ఎర్రక్కకు తన మంద కళ్లముందు మెదిలింది.

"మీరన్నాక ఓడినట్టే దొరా. గెలిచే పులులను ఒక్కసారి నన్నూ ఆడనివ్వండి. కాయలు మార్చుకుని ముగిద్దామా?"

"ఓ, దానికేం!" అంటూ దొర ఆత్రంగా మేకల వైపు జరిగాడు. ఒక్క ఎత్తుతో మూడో పులినీ కట్టేసి, "గెలిచాను!" అని తొడ చరిచాడు.

"గెలిచాయి దొరా, ఇందాక మీరు ఓడాయన్న మేకలే. ఆ ఒక్క ఎత్తు మీది, మిగతావన్నీ నావి."

కొలువులో ఎవరో కిసుక్కున నవ్వారు. చివరికి దొరకూ నవ్వక తప్పలేదు, వాలు వదలకా తప్పలేదు.

ఆ తర్వాత చాలాకాలం ఆ సీమలో ఎవరైనా "ఓడావు, లే" అని తొందరపెడితే, "అయితే కాయలు మార్చుకుందామా?" అని అడిగేవారు. అరుగు మీది పులిజూదం గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. ఆ మాటనైనా మరిచిపోకూడదు.