యాభై మాటల సంఘానికి మాజీ అధ్యక్షుడు

మా అడవి అంచున, జొన్నచేల పక్కన, యాభై మాటల కథల సంఘం ఉంది. ఎవరు కథ చెప్పినా యాభై మాటల్లో ముగించాలి. ఉడుత చంద్రమ్మ వేళ్ల మీద లెక్కపెడుతుంది. అప్పట్లో అధ్యక్షుణ్ణి నేనే, నక్క సింగన్నను. మూడేళ్లలో నేను చెప్పిన కథలు రెండు. కథ ఎలా చెప్పాలో ఇచ్చిన ఉపన్యాసాలు నూట పది. ఆ రెండు కథలూ ఎవరికీ గుర్తులేవు. నిజానికి నాకూ లేవు.

ఒక పొద్దున ఎద్దు మైలన్న నా గుహ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"సింగన్నగారూ, ఓ చిన్న కథ కట్టానండి. బాగుందో లేదో చెబుతారా?"

"కానివ్వు."

మైలన్న నేల చూస్తూ చెప్పాడు: "జతెద్దు చచ్చిపోయిన మర్నాడు రైతు ఎద్దును ఒంటరిగా నీళ్లకు తోలుకెళ్లాడు. ఎద్దు తన జతగాడికి చోటు వదిలి నడిచింది."

నేను మొహం తిప్పుకున్నాను. జాలి అనుకున్నాను. కాదు, కుళ్లు.

"ఇదేం కథయ్యా? మలుపు లేదు, కొసమెరుపు లేదు. ఇంకో ఏడాది సాధన చెయ్యి."

"అలాగేనండి," అని తలూపి వెళ్లిపోయాడు.

ఆ వారమే పై అడవి నుంచి ఏనుగు గౌరమ్మ వచ్చింది. మా కథల్లో ఒకటి ఎంచి వాళ్ల జాతరలో చెప్పిస్తుందట. ఎవరి కథ నెగ్గితే వాళ్లే ఇకపై అధ్యక్షులని సంఘమంతా తీర్మానించింది. నా దగ్గర కొత్త కథేదీ లేదు. మైలన్న ఎదురు చెప్పే రకం కాదన్న ధైర్యంతో, సభలో అతని కథే నాదని చెప్పేశాను.

వెనక వరసలో మైలన్న నన్ను ఒక్కసారి చూసి తల దించుకున్నాడు.

గౌరమ్మ కళ్లు తుడుచుకుంది. "ఎంత బాగా చెప్పావు నాయనా! ఇంతకీ ఆ ఎద్దు దారికి ఏ పక్కన నడిచింది?"

"ఏ పక్కయితే ఏముందమ్మా," అన్నాను వినయం ఒలకబోస్తూ, "మధ్యలో అనుకోండి."

"మధ్యలో నడిస్తే ఇక చోటెక్కడ వదిలినట్టు?"

చంద్రమ్మ కిసుక్కున నవ్వింది. నూట పది ఉపన్యాసాల్లో ఒక్కటీ పనికి రాలేదు.

"కుడిపక్కనమ్మా," అంది వెనక నుంచి ఓ గొంతు. మైలన్నే. "మా కర్రోడు పన్నెండేళ్లు నా ఎడమ పక్కనే నడిచాడు."

ఇక ఎవరూ నవ్వలేదు. గౌరమ్మ లేచి వెళ్లి మైలన్న కుడిపక్కన నిలబడింది. ఎడమ పక్క ఖాళీగానే ఉంచింది.

ఇప్పుడు అధ్యక్షుడు మైలన్న. నన్ను వెళ్లగొడతాడనుకున్నాను, వెళ్లగొట్టలేదు. వెళ్లగొట్టినా బాగుండేది. ఉపన్యాసం మొదలుపెడితే చాలు, "కథ చెప్పండి సింగన్నగారూ," అంటాడు మర్యాదగా. చెబుతున్నాను. ఇంతవరకూ ఎవరూ కన్నీళ్లు పెట్టలేదు. ఒకరిద్దరు ఆవులించారు.

నీతి: తాను పడని బాధను తనదని చెప్పుకునేవాడు మొదటి ప్రశ్నకే దొరికిపోతాడు.