రాహేలమ్మ చెప్పని ఆమేన్

అనగనగా, మా అవ్వకి వాళ్ళ అవ్వ చెప్పిన కాలంలో, సముద్రం పక్కన ఒక ఉప్పుపేట. ఆ పేటలో రాహేలమ్మ అని ఒక కూలిమనిషి. మొగుడు లేడు, పొలం లేదు. ఉన్నది ఒక్కతే కూతురు, తబిత. ఒక వానాకాలం ఆ పిల్లకి జ్వరమొచ్చింది. జ్వరం పోయింది గానీ, పోతూపోతూ మాట పట్టుకుపోయింది.

ఉప్పుమడి అంటే ఏమిటో చెబుతాను, వినండి. మడిలోకి సముద్రపు నీళ్ళు పెడతారు. ఎండకి నీళ్ళు ఇగిరిపోతాయి, ఉప్పు మిగులుతుంది. రాహేలమ్మ పొద్దున్నే ఆ ఉప్పు లాగేది. మధ్యాహ్నం గంపలకెత్తేది. పొద్దువాలేదాకా గట్టుమీద కుప్ప పోసేది. లాగడం, ఎత్తడం, పొయ్యడం. కాళ్ళ పగుళ్ళలో ఉప్పు దూరి మండేది.

ఇంటికొచ్చి, పిల్లకింత గంజి పోసి, గుమ్మం ముందు మోకరించి, "తండ్రీ, నా పిల్లకి మాట..." అనేది. అంతే. అక్కడికే నిద్ర ముంచుకొచ్చేది. 'ఇయ్యి' అనేదీ లేదు, ఆమేనూ లేదు.

పక్కింటి సువార్తమ్మ వరసకి వదిన. పేటలోని ప్రార్థన గుడిలో పాట ఎత్తేది ఆవిడే. నోరు కాస్త పెద్దది.

"ఏమే రాహేలూ, నిన్నా సగం ప్రార్థనేనా? ఆమేన్ లేని ప్రార్థన ముడెయ్యని మూటే. దార్లోనే ఒలికిపోద్ది, పైదాకా పోదు."

రాహేలమ్మ ఆ మాట నమ్మింది. నా నిద్రే నా పిల్ల నోరు కట్టేసింది అనుకుంది. తల్లికి అంతకంటే బరువు ఉంటుందా?

మొదట నిలబడి ప్రార్థించింది. గుంజ పట్టుకుని నించున్నది నించున్నట్టే జారిపోయింది. తర్వాత ఉప్పునీళ్ళతో కళ్ళు కడుక్కుంది. కళ్ళు మండాయి. మండుతూనే మూతపడ్డాయి. ఆఖరికి, "వదినా, నేను తూగితే గిల్లు," అంది. సువార్తమ్మ మొహమాటపడే రకం కాదు, గట్టిగానే గిల్లింది. "వస్తన్నా మేస్త్రీ, ఇంకొక్క గంపే," అంది రాహేలమ్మ. కళ్ళు మాత్రం తెరవలేదు.

మర్నాటి సాయంత్రం ఆమెకి మోకరించే ఓపిక కూడా లేకపోయింది. గోడకి చేరగిలబడింది.

"తండ్రీ, నావల్ల కావట్లేదు. నేను మొదలెడతాను. ముగింపు నువ్వే చూసుకో."

ఆ రోజునుంచి నిద్రతో పోట్లాడటం మానేసింది. ప్రార్థన మానలేదు. ఎండాకాలాలు వచ్చాయి, వానాకాలాలు వచ్చాయి. తబిత తల్లి భుజం అందేంత ఎదిగింది. మాట రాలేదు. రోజూ సాయంత్రం, "తండ్రీ, నా పిల్లకి మాట..." తల వాలిపోయేది. ఆ తలకింద తబిత మడతపెట్టిన పాతచీర దోపేది.

ఒక సాయంత్రం సువార్తమ్మ పొయ్యిలోకి నిప్పు అడగడానికొచ్చింది. అప్పట్లో అగ్గిపెట్టెలు లేవు, ఇరుగుపొరుగుని అడిగి నిప్పు తెచ్చుకునేవాళ్ళు.

"తండ్రీ, నా పిల్లకి మాట..." రాహేలమ్మ తల వాలింది.

సువార్తమ్మ గిల్లడానికి చెయ్యి చాపింది. తబిత ఆ చెయ్యి పట్టుకుంది. పిల్ల గొంతులోంచి, ఎన్నాళ్ళుగానో మూసి ఉన్న తలుపు తెరిచినట్టు, కిర్రుమని ఒక మాట.

"ఇయ్యి." కాస్త ఆగింది. "ఆమేన్."

నిప్పుకోసం తెచ్చిన పెంకు సువార్తమ్మ రెండో చేతిలోంచి కిందపడింది. "ఒసే రాహేలూ, లెగవే! పిల్ల..."

"లేపకు అత్తా. అమ్మ అలిసిపోయింది."

అంత నోరున్న సువార్తమ్మ ఆ గుమ్మంలోనే మోకరించింది.

తెల్లారి "అమ్మా" అని పిలిస్తే రాహేలమ్మ కల అనుకుంది. రెండోసారి పిలిస్తే ఎవరి పిల్లో అనుకుంది. మూడోసారికి గానీ లేవలేదు. లేచాక ఏడ్చిన ఏడుపు నేను చెప్పలేను.

దేవుడు ముందే ఎందుకియ్యలేదు అని అడుగుతారు మీరు. నాకు తెలీదు. తెలిసినంతే చెబుతాను.

"ఇకనైనా ఆమేన్ అంటావా?" అంది సువార్తమ్మ.

"నాకెందుకు వదినా? అనే మనిషి ఇంట్లోనే ఉందిగా."

ముసలితనంలో ఒక సాయంత్రం రాహేలమ్మ "తండ్రీ" అని, నిద్రపోయి, మళ్ళీ లేవలేదు. తబిత ఆమె తలకింద చీర దోపి, ఆమేన్ అంది.

ఇప్పటికీ ఆ పేట గుడిలో ఎవరైనా కునికితే లేపరు. పక్కనున్నవాళ్ళు వాళ్ళకోసం కూడా ఆమేన్ అంటారు. పనినుంచి వచ్చిన మనిషి గోడకి చేరగిలబడి కళ్ళు మూస్తే, పెద్దవాళ్ళు పిల్లల్ని అదిలిస్తారు:

"చప్పుడు చెయ్యకండర్రా. రాహేలమ్మ ప్రార్థనలో ఉంది."