మునగదని ముద్ర పడిన ఓడ

తెల్లదొరల ఏలుబడి సాగుతున్న రోజుల్లో, తూర్పు సముద్రపు ఒడ్డున గవ్వలరేవు అనే పట్టణం ఒకటి ఉండేది. ఆ ఊరికి రాజు లేడు. కాని రాజుకు ఏమాత్రం తీసిపోని రేవు అధికారి ఉండేవాడు. ఆయన పేరు గ్రిమ్‌స్టన్ దొర. ఆయన ముద్ర పడనిదే రేవులోంచి ఏ ఓడా కదలకూడదు. ఓడల మీద పనిచేసే కళాసీల మీద ఫిర్యాదు వస్తే తీర్పు చెప్పేవాడూ ఆయనే.

దొరకు తెలుగు రాదు. ఆ లోటు తీర్చేవాడు దుబాసీ గంగన్న పంతులు. దొర ఎంత కటువుగా మాట్లాడినా జనానికి మింగుడుపడేలా, జనం ఎంత మొరటుగా మాట్లాడినా దొర చెవికి ఇంపుగా మార్చి చెప్పడం పంతులు విద్య. దొర తన మాటలకే జనం తలలూపుతున్నారనుకునేవాడు. పంతులు ఆ నమ్మకాన్ని ఎన్నడూ చెరపలేదు.

ఒక ఏడాది వానలు వెనకపట్టాక, షావుకారు కొండల్రాయుడిగారి ‘పద్మావతి’ అనే ఓడ బియ్యం తెచ్చేందుకు రంగూను వెళ్ళడానికి సిద్ధమైంది. కళాసీల పెద్ద, సరంగు మైలపల్లి ఎర్రన్న, తన వాళ్ళతో ఒప్పందం మీద వేలిముద్రలు వేయించి ఓడ ఎక్కాడు. ఎక్కి అడుగు భాగం చూసి, వెంటనే అందరినీ దింపేశాడు. పలకలు పుచ్చిపోయి నీళ్ళు ఊరుతున్నాయి.

సర్కారు నిబంధన ప్రకారం, ఒప్పందం చేసుకుని ఓడ దిగిపోయినవాడు పారిపోయినవాడి కింద లెక్క. షావుకారు ఫిర్యాదు చేశాడు. కళాసీలను తెచ్చి దొర ముందు నిలబెట్టారు. ఓడ బాగుచేయిస్తే తప్పక వెళతామని ఎర్రన్న మొరపెట్టుకున్నాడు.

దొర మీసం సవరించుకుని, “ఓడ గట్టిదని నేను ముద్ర వేశాను. నా ముద్ర పడ్డ ఓడలోకి నీళ్ళు రావు. వస్తున్నాయని కళాసీలు చెప్పడం సర్కారును ధిక్కరించడమే. ఓడైనా ఎక్కాలి, ఖైదులోనైనా ఉండాలి,” అన్నాడు.

ఈ మాటను ఇంపుగా ఎలా తిప్పి చెప్పాలో పంతులుకు మొదటిసారి తోచలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. కళాసీలు ఖైదుకే నడిచారు. తుఫానుల నెలలో ఆ ఓడ ఎక్కితే ఏమవుతుందో వాళ్ళకు తెలుసు. ఖైదులో పడితే ఇంట్లో పొయ్యి వెలగదనీ తెలుసు.

ఆ సాయంత్రం పంతులు ఖైదు దగ్గరికి వెళ్ళి ఎర్రన్నను ఊచల దగ్గరికి పిలిచాడు. మర్నాడు అందరూ ఓడ ఎక్కాలనీ, దొర ఏది చేయమంటే అది అక్షరాలా చేయాలనీ చెప్పాడు. తానూ వెంట ఉంటానన్నాడు.

ఎర్రన్న ఆయనను ఎగాదిగా చూసి, “తమరికి ఈత వచ్చునా బాబూ?” అని అడిగాడు.

“రాదు. అందుకే నా మాట నమ్మొచ్చు,” అన్నాడు పంతులు.

అక్కడినుంచి తిన్నగా దొర బంగళాకు వెళ్ళాడు. ఊళ్ళో గిట్టనివాళ్ళు ప్రభువుల ముద్ర గురించి ఏవేవో గుసగుసలాడుతున్నారనీ, పట్టణపు పెద్దలను పిలిచి ఆ ఓడలోనే విందు చేసి, కాస్త దూరం సముద్రంలో తిరిగి వస్తే అందరి నోళ్ళూ మూతపడతాయనీ మనవి చేశాడు. విందనగానే దొరకు ఉత్సాహం వచ్చింది. పెద్దల ముందు ఉపన్యాసం ఇవ్వవచ్చని మరింత వచ్చింది.

మర్నాడు ఎండ తగలకుండా ఓడ అడుగున ఉన్న ఖాళీ సరుకు కొట్లో తివాచీలు పరిచి, బల్లలు వేశారు. పెద్దలంతా వచ్చారు. కొండల్రాయుడు మాత్రం కడుపునొప్పి అని కబురు పంపాడు. కళాసీలు తెరచాప ఎత్తారు. ఎర్రన్న ఓడను ఒడ్డుకు మరీ దూరం పోనీయలేదు. వెనకాలే చేపల పడవలు వచ్చేలా చూసుకున్నాడు.

భోజనాలయ్యాక దొర లేచి, సర్కారు నిబంధనల గొప్పతనం గురించి మొదలుపెట్టాడు. కాని పక్కనుంచి దడదడమని ఒకటే చప్పుడు. విసుక్కుని, అదేమిటని అడిగాడు.

“కళాసీలు పంపు కొట్టి నీళ్ళు తోడుతున్నారు ప్రభూ,” అన్నాడు పంతులు వినయంగా. “ఈ ఓడలోకి నీళ్ళు రావని తమరు సెలవిచ్చారు గదా. ఆపమని చెప్పమంటారా?”

పెద్దలంతా చూస్తున్నారు. దొర ఆపమన్నాడు. పంపు ఆగింది.

ఉపన్యాసం సాగింది. కాసేపటికి తివాచీ తడిసి రంగు మారింది. ఇంకాసేపటికి దొర బూట్లు మునిగాయి. పెద్దలు కాళ్ళు కుర్చీల మీదికి ఎత్తుకున్నారు. పంతులు పంచె మడమల దగ్గర తడుస్తున్నా చేతులు కట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. లోపల ఆయన గుండె పంపు కంటే గట్టిగానే కొట్టుకుంటోంది.

చివరికి దొర ఉపన్యాసం ఆపి, పంపు కొట్టమని గద్దించాడు.

“ఒక్క మాట సెలవిస్తే చాలు ప్రభూ,” అన్నాడు పంతులు. “ఈ ఓడలోకి నీళ్ళు వస్తున్నాయా, రావడం లేదా? రావడం లేదంటే పంపుతో పనిలేదు. వస్తున్నాయంటే, ఆ మాటే అన్న వీళ్ళను ఖైదులో పెట్టడం న్యాయం కాదు. తమరు ఏది చెబితే అది తెలుగులో చెబుతాను.”

దొర ముఖం కందగడ్డలా అయింది. కిందకు చూశాడు. నీళ్ళు పిక్కల దాకా వచ్చాయి. పంతులు ముఖంలోకి చూశాడు. ఆ ముఖంలో వినయం తప్ప ఇంకేమీ కనబడలేదు. ఉన్నట్టుండి ఆయనకు నవ్వు ముంచుకొచ్చింది. పడీపడీ నవ్వి, “వస్తున్నాయి పంతులూ, సర్కారు సాక్షిగా వస్తున్నాయి. తొందరగా చెప్పు,” అన్నాడు.

పంతులు చెప్పడం పూర్తికాకముందే ఎర్రన్న మనుషులు పంపు అందుకున్నారు.

ఒడ్డు చేరగానే దొర తీర్పు రద్దు చేశాడు. ఓడను ఒడ్డెక్కించి పలకలు మార్చేదాకా కదలకూడదన్నాడు. తన చేతి ఉంగరం తీసి పంతులు వేలికి తొడిగి, ఇకమీదట ముద్ర వేసే ముందు ప్రతి ఓడనూ పంతులే ఎక్కి చూడాలన్నాడు.

“నాకెందుకు ప్రభూ ఆ శ్రమ,” అన్నాడు పంతులు. “ఓడ యజమానిని ఎక్కించి, ఒక పూట సముద్రంలో తిప్పించండి. తిరిగొచ్చాక ముద్ర వేయండి.”

దొర మళ్ళీ నవ్వాడు. ఆ వారమే దాన్ని నిబంధన చేశాడు. ఆ మాట చాటింపు వేసిన రోజే గవ్వలరేవు ఓడల యజమానులంతా, ఎవరూ పిలవకుండానే, వడ్రంగుల ఇళ్ళకు పరుగెత్తారు.